ఫ్రెడరిక్ విలియం లాంచెస్టర్

ఫ్రెడరిక్ విలియం లాంచెస్టర్ (అక్టోబరు 23, 1868 - మార్చి 8, 1946) ఇంగ్లండుకు చెందిన సుప్రసిద్ధ ఇంజనీరు, ఆవిష్కర్త మరియు వైమానిక శాస్త్రవేత్త. బ్రిటనులో తొలిసారిగా పూర్తి స్వదేశీ పరిజ్ఞానంతో నాలుగు చక్రాల పెట్రోలు కారును నిర్మించిన వ్యక్తిగా ఈయనకు పేరు ఉన్నది. కారు ఇంజనులో కదిలే భాగాలన్నింటికీ పంపు ద్వారా ఒత్తిడితో కందెన నూనెను అందించే పద్ధతిని తొలినాళ్ళలోనే అమ్మకపు కార్లలో ప్రవేశపెట్టిన కొద్దిమందిలో ఈయన ఒకడు. గేర్ బాక్సు, వెనుక ఇరుసు మొదలైన చోదక భాగాలు తక్కువ అరుగుదలతో, చప్పుడు లేకుండా పనిచేయుటకు ఈయన చేసిన కృషి కూడా గణనీయమైనది. విమానపు రెక్క గాలిలో ఏ విధంగా పైకి లేస్తుందో వివరించిన సిద్ధాంతానికి, యుద్ధంలో ఇరుపక్షాల బలాబలాలను గణితంతో అంచనా వేసే సూత్రాలకు కూడా ఈయన మూలపురుషుడు. 400కు పైగా పేటెంట్లు పొందినప్పటికీ ఈయన చివరి రోజులు ఆర్థిక ఇబ్బందులలోనే గడిచాయి.

బాల్యము, విద్యాభ్యాసము

లాంచెస్టర్ 1868 అక్టోబరు 23న లండను నగరంలోని లూయిషాం ప్రాంతంలో జన్మించాడు. తండ్రి హెన్రీ జోన్స్ లాంచెస్టర్ భవన నిర్మాణ శిల్పి. తల్లి ఆక్టేవియా లాటిన్, గణితము బోధించేది. ఎనిమిది మంది సంతానంలో ఫ్రెడరిక్ నాలుగవవాడు. ఈయన పసివాడుగా ఉన్నపుడే కుటుంబం సముద్రతీర పట్టణమైన బ్రైటనుకు తరలి వెళ్ళింది. అక్కడి పాఠశాలల్లో ఈయన చెప్పుకోదగ్గ ప్రతిభ ఏదీ కనబరచలేదు.

తరువాత సౌతాంప్టనులోని హార్ట్లీ సంస్థలో చేరినపుడు ఈయనలోని ఆసక్తి బయటపడింది. అక్కడినుండి విద్యార్థి వేతనంతో లండనులోని దక్షిణ కెన్సింగ్టను విజ్ఞాన కళాశాలలో చేరాడు. అక్కడ యంత్రశాస్త్రానికి సంబంధించిన ప్రయోగాత్మక శిక్షణ చాలదని భావించి, ఫిన్స్‌బరీ సాంకేతిక కళాశాలలో సాయంత్రపు తరగతులకు కూడా హాజరయ్యేవాడు. అయితే చదువు ముగిసేనాటికి ఈయన చేతిలో పట్టా ఏదీ లేదు. 1888లో వారానికి 3 పౌండ్ల జీతంపై పేటెంటు పనులకు సంబంధించిన చిత్తు పటాలు గీసే ఉద్యోగంలో చేరాడు.

ఈయన అన్న హెన్రీ వాన్ లాంచెస్టర్ తండ్రి వృత్తిని చేపట్టి గొప్ప వాస్తుశిల్పి అయ్యాడు. జోధ్‌పూరులోని ఉమైద్ భవన్ ప్యాలెస్ రూపకర్త ఇతడే. నాటి కోస్తాంధ్ర, రాయలసీమ ప్రాంతాలకు కూడా రాజధానిగా ఉన్న మద్రాసు నగరపు పట్టణ ప్రణాళికపై ఇతడు రచించిన గ్రంథం 1918లో వెలువడింది. తమ్ముళ్ళలో జార్జి, ఫ్రాంక్ ఇద్దరూ తరువాతి కాలంలో కార్ల పరిశ్రమలో ఫ్రెడరిక్‌కు కుడిఎడమ భుజాలుగా నిలిచారు.

గ్యాసు ఇంజన్ల కర్మాగారంలో

1889లో లాంచెస్టర్ బర్మింగ్‌హాం నగరంలోని సాల్ట్లీ ప్రాంతంలో ఉన్న ఫార్వర్డ్ గ్యాస్ ఇంజన్ కంపెనీలో చేరాడు. ఉద్యోగి చేసే సాంకేతిక ఆవిష్కరణలన్నీ కంపెనీకే చెందుతాయనే నిబంధన ఒకటి ఒప్పంద పత్రంలో ఉండేది. అప్పటికి 21 సంవత్సరాలు కూడా నిండని లాంచెస్టర్ ఆ నిబంధనను కొట్టివేసి ఆ తరువాతనే సంతకం చేశాడు. ఈ జాగ్రత్త వృథా కాలేదు. అదే సంవత్సరం ఇంజను వేగాన్ని అదుపులో ఉంచే లోలకపు గవర్నరును రూపొందించగా, దానిని అమర్చిన ప్రతి ఇంజనుకూ 10 షిల్లింగుల చొప్పున ఈయనకు రాయల్టీ లభించింది. 1890లో గ్యాసు ఇంజనును దానంతట అదే మొదలయ్యేటట్లు చేసే సాధనాన్ని కనిపెట్టి, దాని హక్కులను తరువాత క్రాస్లీ కంపెనీకి మంచి ధరకు అమ్మాడు. ఆ సొమ్ము తరువాతి ప్రయోగాలకు పెట్టుబడి అయింది.

కర్మాగారం ప్రక్కనే చిన్న గది అద్దెకు తీసుకొని సొంత ప్రయోగాలు మొదలుపెట్టాడు. అక్కడ తయారుచేసిన చిన్న ఇంజను నిమిషానికి 600 చుట్లు తిరుగుతూ డైనమోను నడిపి, కంపెనీ కార్యాలయానికి విద్యుద్దీపాల వెలుగునిచ్చేది. నాటి గ్యాసు ఇంజన్లకు ఇది చాలా ఎక్కువ వేగము. వేగం పెరిగేకొద్దీ బేరింగులు వేడెక్కడం, అరిగిపోవడం కూడా పెరుగుతుంది. కందెన సమస్య ఇంజనీర్లకు ముఖ్యమైన సమస్యగా మారడానికి వేగమే కారణం.

తొలి మోటారు పడవ, తొలి కారు

ఉద్యోగాన్ని తమ్ముడు జార్జికి అప్పగించి లాంచెస్టర్ పూర్తిగా పెట్రోలు ఇంజన్లపై దృష్టి పెట్టాడు. 1890ల మధ్యకాలంలో ఈయన తన ఇంజనును పడవకు అమర్చి ఆక్స్‌ఫర్డు వద్ద నదిలో నడిపాడు. బ్రిటనులో తయారైన తొలి మోటారు పడవగా దీనిని పేర్కొంటారు.

1895లో కారు నిర్మాణం మొదలై, 1896 తొలి నెలలలో రోడ్డు మీదికి వచ్చింది. ఆనాటి కార్లు చాలావరకు గుర్రపుబండికి ఇంజను తగిలించినట్లు ఉండేవి. లాంచెస్టర్ ఆ దారిన పోలేదు. కారును మొదటినుండి కారుగానే ఊహించి ప్రతి భాగాన్నీ లెక్కకట్టి రూపొందించాడు. ఒకే సిలిండరు గల 5 అశ్వశక్తుల ఈ ఇంజనులో రెండు క్రాంక్ షాఫ్టులు ఒకదానికొకటి వ్యతిరేక దిశలలో తిరిగేవి. అందువలన ఒకదాని కుదుపును మరొకటి రద్దుచేసి ఇంజను నిమ్మళంగా నడిచేది. శక్తి చాలదని తేలడంతో 1897లో రెండు సిలిండర్ల ఇంజనును అమర్చాడు. ఈయన నిర్మించిన రెండవ కారు 1899లో రిచ్‌మండులో జరిగిన పోటీలలో రూపకల్పనకు, పనితీరుకు బంగారు పతకం పొందింది.

1899 డిసెంబరులో లాంచెస్టర్ ఇంజన్ కంపెనీ ఏర్పడింది. బర్మింగ్‌హాంలోని స్పార్క్‌బ్రుక్ ప్రాంతంలో కర్మాగారం నెలకొల్పారు. 1901 నుండి కార్లు అమ్మకానికి వచ్చాయి. ఒక కారు భాగం మరొక కారుకు సరిగ్గా అమరేటట్లు కొలతలు, గేజిలు నిర్ణయించి తయారుచేయడం ఈ కర్మాగారపు ప్రత్యేకత. ఆనాడు బ్రిటనులో ప్రతి భాగాన్నీ కార్మికులు ఆకురాయితో రాచి సరిపెట్టడమే ఆనవాయితీ. కొలత ఖచ్చితంగా ఉంటేనే షాఫ్టుకు, బేరింగుకు మధ్య నూనె నిలువగల సన్నని ఖాళీ సక్రమంగా ఉంటుంది కాబట్టి, కందెనకు కూడా ఈ పద్ధతి పునాది అయింది. బొంబాయిలో జన్మించిన ప్రముఖ రచయిత రడ్యార్డ్ కిప్లింగ్ తొలి లాంచెస్టర్ కార్ల యజమానులలో ఒకడు.

కందెన సమస్య

రెండు లోహపు తలాలు ఒకదానిపై మరొకటి జారునపుడు ఘర్షణ వలన వేడి పుట్టి అవి అరిగిపోతాయి. వాటి మధ్య నూనె పొరను నిలిపితే లోహం లోహాన్ని తాకదు. ఈ సంగతి ఇంజన్లకంటె చాలా ముందునుండే తెలిసినది. అనకాపల్లి జిల్లాలోని ఎస్. రాయవరం వంటి గ్రామాలలోనూ, తెలుగునాట మరెక్కడైనా, ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో గడ్డి మసి కలిపిన కందెన రాయడం తరతరాల ఆచారము. కందెన వేయని బండి కీచుమంటుంది. ఇరుసు త్వరగా అరుగుతుంది. అయితే ఎడ్లబండి చక్రం నిమిషానికి తిరిగే చుట్లు కొద్ది మాత్రమే. కారు ఇంజనులో క్రాంక్ షాఫ్టు నిమిషానికి వందల, వేల చుట్లు తిరుగుతుంది. అక్కడ పుట్టే వేడిని నూనె ఎప్పటికప్పుడు మోసుకుపోకపోతే బేరింగులోని మెత్తని మిశ్రమలోహం కరిగిపోతుంది.

1900 ప్రాంతపు కార్లలో రెండు పద్ధతులు వాడుకలో ఉండేవి.

మొదటిది బొట్టు పద్ధతి. డ్రైవరు ఎదుట ఉన్న నూనె డబ్బానుండి సన్నని గొట్టాల ద్వారా ఒక్కొక్క బేరింగుకూ బొట్టుబొట్టుగా నూనె జారేది. గాజు గొట్టంలో బొట్లు లెక్కబెట్టి, కొండ ఎక్కేటపుడు ఎక్కువ, దిగేటపుడు తక్కువ వచ్చేటట్లు డ్రైవరే మరలు త్రిప్పాలి. వాడిన నూనె తిరిగి రాదు; కాలిపోవడమో, రోడ్డుపై కారిపోవడమో జరిగేది.

రెండవది చిమ్ముడు పద్ధతి. ఇంజను అడుగున కొంత నూనె నిలువ ఉంచి, కనెక్టింగ్ రాడ్డు చివర ఉన్న చిన్న గరిటె వంటి భాగం ప్రతి చుట్టులోనూ దానిని తాకి పైకి చిమ్మేటట్లు చేసేవారు. ఇది సులభము, చవుక. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారు కూడా ఈ పద్ధతినే అనుసరించింది. కాని ఎత్తుపల్లాలలో నూనె ఒకవైపుకు చేరి, రెండవవైపు సిలిండర్లు ఎండిపోయేవి. నూనె మట్టం ఎక్కువైతే పొగ, తక్కువైతే బేరింగుకు ముప్పు.

ఒత్తిడితో నూనె సరఫరా

1880లలో ఇంగ్లండులో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగులపై చేసిన ప్రయోగాలలో ఒక వింత బయటపడింది. తిరుగుతున్న షాఫ్టు నూనెను తనతో లాగుకొనిపోయి, ఇరుకు ఖాళీలో దానంతట అదే ఎంతో ఒత్తిడిని పుట్టిస్తున్నది. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీనికి గణిత సిద్ధాంతము అందించాడు. బరువును మోసేది ఈ నూనె పొరే. కావున బేరింగుకు నూనె ఎన్నడూ కొరవడకుండా అందించడమే ఇంజనీరు చేయవలసిన పని. 1890లో బర్మింగ్‌హాంలోనే బెల్లిస్ కంపెనీకి చెందిన ఆల్బర్ట్ పెయిన్ వేగంగా తిరిగే ఆవిరి యంత్రాలకు పంపు ద్వారా నూనె అందించే పద్ధతికి పేటెంటు పొందాడు.

1904లో లాంచెస్టర్ కంపెనీ విడుదలచేసిన 20 అశ్వశక్తుల నాలుగు సిలిండర్ల కారులో ఒత్తిడి కందెన పద్ధతి చోటు చేసుకుంది. దాదాపు 2.5 లీటర్ల ఈ ఇంజనులో కవాటాలు సిలిండరు పైభాగాన ఉండేవి. అప్పటి కార్లలో ఈ రెండు లక్షణాలూ అరుదైనవే. ఒత్తిడి పద్ధతి పనిచేసే తీరు ఇది: ఇంజను అడుగున నిలువ ఉన్న నూనెను పంపు పీల్చి, గొట్టాల ద్వారా ప్రధాన బేరింగులకు నెడుతుంది. క్రాంక్ షాఫ్టులో తొలిచిన రంధ్రాల గుండా అక్కడినుండి కనెక్టింగ్ రాడ్డుల బేరింగులకు చేరుతుంది. అంచులనుండి బయటపడిన నూనె సిలిండరు గోడలను తడిపి, తిరిగి అడుగుకు జారి, మరల పంపులోకి వస్తుంది. ఈ విధంగా ఒకే నూనె కందెనగాను, వేడిని మోసుకుపోయే వాహకంగాను పనిచేస్తుంది.

ఈ మార్పుతో డ్రైవరుకు బొట్లు లెక్కపెట్టే శ్రమ తప్పింది. ఇంజను వేగం పెరిగితే పంపు వేగం కూడా పెరుగుతుంది కనుక, అవసరానికి తగినట్లు నూనె అందుతుంది. ఎక్కువ వేగంతో, ఎక్కువ కాలం నడిచే ఇంజన్లకు ఇది మార్గం తెరచింది. తరువాతి దశాబ్దాలలో ఈ పద్ధతి దాదాపు అన్ని కార్లకూ వ్యాపించింది.

గేర్ బాక్సు, వెనుక ఇరుసు

ఆనాటి కార్లలో గేరు మార్చడం పెద్ద పరీక్ష. తిరుగుతున్న పళ్ళ చక్రాలను ప్రక్కకు జరిపి ఒకదానితో మరొకటి కలపాలి. వేగాలు సరిపోకపోతే పళ్ళు కొట్టుకొని విరిగేవి. విరిగిన లోహపు రజను నూనెలో కలిసి మిగిలిన గేర్లను, బేరింగులను అరగదీసేది. లాంచెస్టర్ మొదటినుండీ గ్రహచక్రాల గేర్ బాక్సును ఎంచుకున్నాడు. ఇందులో మధ్యన సూర్య చక్రము, దాని చుట్టూ గ్రహ చక్రాలు, వాటి చుట్టూ లోపలివైపు పళ్ళు గల వలయము ఉంటాయి. పళ్ళు ఎల్లప్పుడూ కలిసే ఉంటాయి. కావలసిన వేగానికి తగిన భాగాన్ని బ్రేకుతో ఆపితే చాలు. పళ్ళు కొట్టుకోవు కనుక రజను పుట్టదు; మూసిన పెట్టెలో నూనె శుభ్రంగా ఉంటుంది.

వెనుక ఇరుసుకు లాంచెస్టర్ మర గేరును వాడాడు. మర ఆకారం గల ఉక్కు దండము, కంచు చక్రపు పళ్ళపై జారుతూ దానిని త్రిప్పుతుంది. చప్పుడు ఉండదు, కాని జారుడు ఎక్కువ కావడంతో ఘర్షణ ఎక్కువవుతుంది. శక్తి వృథా అవుతుందని పలువురు ఇంజనీర్లు ఈ పద్ధతిని తిరస్కరించారు. లాంచెస్టర్ మరను నిటారుగా కాక, నడుము సన్నగా ఉండే డమరుకం ఆకారంలో కోయించాడు. అందువలన ఒకేసారి ఎక్కువ పళ్ళు తాకి, బరువు ఎక్కువ వైశాల్యంపై పంచబడి, నూనె పొర తెగకుండా నిలిచేది. ఈ ఆకారాన్ని కోసే యంత్రాలు అప్పటికి లేవు. వాటిని కూడా ఈయనే రూపొందించాడు. తరువాత ఈయన రూపొందించిన పరీక్షా యంత్రంతో జాతీయ భౌతిక ప్రయోగశాలలో కొలవగా, మంచి కందెనతో ఈ గేర్లు 95 శాతానికి పైగా శక్తిని చక్రాలకు అందిస్తున్నట్లు తేలింది. విమర్శకులకు ఈ అంకెలే సమాధానమయ్యాయి.

1902లో ఈయన డిస్క్ బ్రేకులకు కూడా పేటెంటు పొందాడు. లోహపు దిమ్మెలు వాడడం వలన అవి బాగా చప్పుడు చేసేవి. సరియైన పదార్థాలు దొరికి అవి విరివిగా వాడుకలోకి రావడానికి అర్ధ శతాబ్దం పట్టింది.

కంపెనీ కష్టాలు

కార్లకు గిరాకీ ఉన్నా పెట్టుబడి కొరత కంపెనీని వెంటాడింది. ఇంజనీరు ఆలోచనలకు, డైరెక్టర్ల ఆలోచనలకు పొత్తు కుదరలేదు. 1904లో కంపెనీ రిసీవరు చేతిలోకి వెళ్ళింది. విచిత్రమేమంటే ఒత్తిడి కందెన గల కొత్త కారు వెలువడినది కూడా ఆ సంవత్సరమే. 1905లో లాంచెస్టర్ మోటార్ కంపెనీ పేరుతో సంస్థ పునర్వ్యవస్థీకరణ చెందింది గాని ఫ్రెడరిక్ అధికారం తగ్గింది. 1906లో ఆరు సిలిండర్ల కారు వచ్చింది. 1909 తరువాత రూపకల్పన బాధ్యత తమ్ముడు జార్జి చేతిలోకి వెళ్ళింది. 1931లో ఈ కంపెనీని బి.ఎస్.ఎ. సంస్థ కొనివేసి, తన అధీనంలోని డైమ్లర్ కంపెనీతో కలిపి నడిపింది.

డైమ్లర్ కంపెనీలో సలహాదారుగా

1909లో లాంచెస్టర్ కోవెంట్రీలోని డైమ్లర్ కంపెనీకి సాంకేతిక సలహాదారు అయ్యాడు. ఆ కంపెనీ అమెరికాకు చెందిన చార్లెస్ నైట్ రూపొందించిన తొడుగు కవాటాల ఇంజనును చేపట్టింది. ఇందులో పిస్టనుకు, సిలిండరు గోడకు మధ్య రెండు లోహపు తొడుగులు పైకి క్రిందికి కదులుతూ కవాటాల పని చేసేవి. చప్పుడు చాలా తక్కువ. కాని జారే తలాలు అనేకం కావడంతో నూనె ఖర్చు, పొగ ఎక్కువ. ఈ ఇంజనును అమ్మకానికి పనికివచ్చేటట్లు తీర్చిదిద్దడంలో లాంచెస్టర్ పాలుపంచుకున్నాడు.

ఆరు సిలిండర్ల ఇంజన్లలో పొడవైన క్రాంక్ షాఫ్టు మెలితిరుగుతూ కంపించి, కొన్నిసార్లు విరిగిపోయేది. దీనికి విరుగుడుగా 1910 ప్రాంతంలో లాంచెస్టర్ కంపన నిరోధకాన్ని కనిపెట్టాడు. షాఫ్టు చివర చిన్న చక్రాన్ని పలుచని పలకల ద్వారా జోడించి, పలకల మధ్య చిక్కని నూనెను ఉంచాడు. నూనె స్నిగ్ధత కంపన శక్తిని మ్రింగివేస్తుంది. కందెనగా ఘర్షణను తగ్గించే నూనెనే ఇక్కడ కంపనాన్ని అణచే సాధనంగా వాడుకోవడం విశేషము. ఇంతకు మునుపే, 1904లో, నాలుగు సిలిండర్ల ఇంజను కుదుపును తగ్గించే జంట తుల్య షాఫ్టులకు కూడా ఈయన పేటెంటు పొందాడు. 1970లలో జపానుకు చెందిన మిత్సుబిషి కంపెనీ ఈ సూత్రాన్ని తిరిగి వాడుకలోకి తెచ్చింది.

మొదటి ప్రపంచయుద్ధంలో 1916లో రంగంలోకి దిగిన బ్రిటిష్ ట్యాంకులలో 105 అశ్వశక్తుల డైమ్లర్ తొడుగు కవాటాల ఇంజనునే అమర్చారు. గోతులలో ట్యాంకు నిటారుగా వాలినపుడు నూనె సరిగా అందక ఇంజను దెబ్బతినేది. దట్టమైన పొగ శత్రువుకు జాడ తెలిపేది. తరువాతి ట్యాంకులకు హ్యారీ రికార్డో వేరే ఇంజనును రూపొందించవలసి వచ్చింది. నూనె అందించే తీరుపై సైనికుల ప్రాణాలు ఆధారపడిన సందర్భమిది.

వైమానిక శాస్త్రము

లాంచెస్టర్ 1890ల తొలినాళ్ళనుండే పక్షులు రెక్కలు ఆడించకుండా ఎగిరే తీరును పరిశీలించి, చిన్న గ్లైడర్లతో ప్రయోగాలు చేశాడు. 1897లో ఈయన సమర్పించిన పరిశోధనా పత్రాన్ని శాస్త్ర సంఘాలు ప్రచురణకు స్వీకరించలేదు. పట్టు వదలక కృషి కొనసాగించి 1907, 1908 సంవత్సరాలలో రెండు బృహద్గ్రంథాలను వెలువరించాడు. రెక్క చుట్టూ గాలి ప్రసరణ, రెక్క కొనల వద్ద పుట్టే సుడులు, వాటివలన కలిగే నిరోధము ఇందులోని ముఖ్యాంశాలు. జర్మనీకి చెందిన లుడ్విగ్ ప్రాంటెల్ ఈ భావాలకు పూర్తి గణిత రూపమిచ్చాడు. దీనిని లాంచెస్టర్-ప్రాంటెల్ సిద్ధాంతమని వ్యవహరిస్తారు. 1909లో బ్రిటిషు ప్రభుత్వం ఏర్పరచిన వైమానిక సలహా సంఘంలో ఈయన సభ్యుడు.

యుద్ధ గణితము

1914లో వ్రాసి, 1916లో గ్రంథరూపం దాల్చిన వ్యాసాలలో లాంచెస్టర్ యుద్ధరంగంలో విమానాల పాత్రను చర్చించాడు. ఆధునిక యుద్ధంలో సేన బలము దాని సంఖ్య యొక్క వర్గానికి అనులోమంగా ఉంటుందని సమీకరణాలతో చూపాడు. ఉదాహరణకు ఆయుధాలు సమానమైనపుడు, సంఖ్యలో రెట్టింపు గల సేన బలంలో నాలుగు రెట్లవుతుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో వృద్ధిచెందిన పరిక్రియా పరిశోధన అనే శాస్త్రానికి ఇది ఒక పునాది. ఈయన పేరిట లాంచెస్టర్ బహుమతిని అమెరికాలో 1954లో నెలకొల్పారు.

వ్యక్తిగత జీవితము, చివరి రోజులు

1919లో లాంచెస్టర్ ఒక చర్చి మతాధికారి కుమార్తె అయిన డొరోథియా కూపరును వివాహమాడాడు. వారికి సంతానం లేదు. ఈయనకు గానంలో మంచి ప్రవేశముండేది. మారుపేరుతో కవిత్వం కూడా ప్రచురించాడు. 1920ల మధ్యలో బర్మింగ్‌హాంలోని మోస్లీ ప్రాంతంలో ఇల్లు కట్టుకొని, లాంచెస్టర్ ప్రయోగశాలల పేరుతో రేడియో లౌడ్ స్పీకర్ల తయారీ మొదలుపెట్టాడు. 1930 నాటికి డైమ్లర్ ఒప్పందం ముగిసింది. ఆర్థిక మాంద్యం, అనారోగ్యం తోడై 1934లో ప్రయోగశాలలను మూసివేయవలసి వచ్చింది. పార్కిన్సన్ వ్యాధి, మందగించిన చూపు ఈయనను బాధించాయి. ఇల్లు నిలుపుకొనుటకే మోటారు పరిశ్రమకు చెందినవారి సహాయం అవసరమైంది. పేటెంట్లు పొందిన విద్య తెలిసినవాడే గాని, వాటిని సంపదగా మార్చే వ్యాపార దక్షత ఈయనకు అబ్బలేదు. 1946 మార్చి 8న తన ఇంటిలోనే మరణించాడు.

గౌరవాలు

1919లో బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటును ప్రదానం చేసింది. 1922లో రాయల్ సొసైటీ సభ్యత్వము, 1926లో రాయల్ ఏరోనాటికల్ సొసైటీ బంగారు పతకము, 1931లో గుగ్గెన్‌హైం పతకము, 1945లో జేమ్స్ వాట్ పతకము లభించాయి. 1970లో కోవెంట్రీలో ఏర్పడిన పాలిటెక్నిక్‌కు లాంచెస్టర్ పేరు పెట్టారు. అది తరువాత 1992లో కోవెంట్రీ విశ్వవిద్యాలయమైంది. అక్కడి గ్రంథాలయం ఈయన పేరు వహించింది. 1995లో బర్మింగ్‌హాంలో తొలి కారు జ్ఞాపకార్థం లోహ శిల్పాన్ని ప్రతిష్ఠించారు. 1897 నాటి కారు లండను విజ్ఞాన ప్రదర్శనశాలలో ఉన్నది.

పాత కార్ల సంరక్షణలో కందెన

లాంచెస్టర్ కాలపు సమస్యలు పాత కార్లను కాపాడుకొనే వారికి నేటికీ ఎదురవుతూనే ఉన్నాయి. 1919-1930 మధ్య తయారైన కార్లను వింటేజ్ కార్లని పిలుస్తారు. వీటి కందెన వ్యవస్థను మెరుగుపరచే వారు గమనించే అంశాలు ఇవి:

* పూర్వపు నూనెలలో మురికిని కరిగించే డిటర్జెంటు పదార్థాలు ఉండేవి కావు. అందుచేత మడ్డి అడుగున పేరుకునేది. అడుగు తొట్టిని విప్పి శుభ్రపరచకుండా నేటి డిటర్జెంటు నూనెను పోస్తే, పాత మడ్డి కదిలి సన్నని నూనె మార్గాలను మూసివేయగలదు.
* చిమ్ముడు పద్ధతి ఇంజన్లలో వడపోత సాధనం ఉండదు. డిటర్జెంటు నూనె మురికిని తేలియాడే స్థితిలో ఉంచుతుంది కనుక, వడపోత లేనిచోట నూనెను తరచుగా మార్చాలి. ఒత్తిడి పద్ధతి ఉన్న ఇంజన్లకు బయటనుండి వడపోత సాధనాన్ని జతచేయడం మేలైన మార్పు.
* మరీ చిక్కని నూనె చల్లని ఇంజనులో బేరింగులను చేరడానికి ఆలస్యమవుతుంది. మరీ పలుచనిది అరిగిన బేరింగులనుండి త్వరగా జారిపోయి ఒత్తిడి పడిపోతుంది. బేరింగుల ఖాళీని సరిచేయకుండా చిక్కని నూనె పోయడం తాత్కాలిక ఉపాయం మాత్రమే.
* వెనుక ఇరుసులో కంచు చక్రం ఉన్నపుడు, అధిక ఒత్తిడిని తట్టుకొనుటకు చురుకైన గంధకపు రసాయనాలు కలిపిన నేటి గేరు నూనెలు కంచును తినివేయగలవు. కంచుకు హాని చేయనివిగా తయారీదారు పేర్కొన్న నూనెలనే ఎంచుకోవాలి.
* ఆముదం లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకొనే గొప్ప కందెన. మొదటి ప్రపంచయుద్ధపు విమానాల రోటరీ ఇంజన్లకు దీనినే వాడారు. భారతదేశం నుండి ఆముదపు గింజలు విరివిగా ఎగుమతి అయ్యేవి. తెలుగు ప్రాంతాలలోని మెట్ట భూములలో ఇది ముఖ్యమైన పంటగా ఉండేది. అయితే ఆముదం ఖనిజ నూనెతో సరిగా కలవదు. వేడికి జిగురుగా మారి పేరుకొంటుంది. కావున ఆ రెంటినీ ఒకే ఇంజనులో కలుపరాదు.

ముఖ్యమైన సంవత్సరాలు

* 1868 - లండనులో జననం
* 1889 - బర్మింగ్‌హాంలో ఉద్యోగం, లోలకపు గవర్నరు
* 1896 - తొలి కారు రోడ్డుపై పరుగు
* 1899 - రిచ్‌మండులో బంగారు పతకం, కంపెనీ స్థాపన
* 1902 - డిస్క్ బ్రేకు పేటెంటు
* 1904 - ఒత్తిడి కందెన గల నాలుగు సిలిండర్ల కారు, కంపెనీ సంక్షోభం
* 1907-1908 - వైమానిక శాస్త్ర గ్రంథాలు
* 1909 - డైమ్లర్ సలహాదారు
* 1916 - యుద్ధ గణిత గ్రంథం
* 1922 - రాయల్ సొసైటీ సభ్యత్వం
* 1934 - ప్రయోగశాలల మూసివేత
* 1946 - మరణం